హాల్‌నూ హాఫ్‌స్టెడ్‌నూ అనంతపురంలో కూర్చుని చదవడం ఎలా

ఎంబీఏ, జర్నలిజం, ఇంగ్లిష్ ఎంఏ చదివే పిల్లలకు ఇంటర్‌కల్చరల్ కమ్యూనికేషన్ అని ఒక పేపర్ ఉంటుంది. వేర్వేరు సంస్కృతుల మనుషులు మాట్లాడుకునేటప్పుడు ఏం జరుగుతుంది, ఎక్కడ బెడిసికొడుతుంది, ఎందుకు అన్నదే ఆ చదువు. సిలబస్ తెరిస్తే అన్నీ పేర్లే. హాల్, హాఫ్‌స్టెడ్, గుడికన్‌స్ట్, టింగ్-టూమీ, గైల్స్, బెర్రీ, కిమ్, బెనెట్. ఒక్కొక్కరికీ నాలుగో, అయిదో, ఆరో పాయింట్లు. పరీక్ష ముందు రాత్రి ఆ పాయింట్లు బట్టీ పట్టి, పొద్దున రాసేసి, సాయంత్రానికి మరిచిపోతారు. మనుషుల గురించిన ఇంత మంచి చదువుకు ఆ గతి పట్టడం చూస్తే నాకు కష్టంగా ఉంటుంది.

నేను అనంతపురంలో ఈ పేపర్ చెబుతాను. అంతకుముందు పెనుకొండ వైపు కార్ల విడిభాగాలు చేసే ఒక కంపెనీలో హెచ్‌ఆర్‌లో పనిచేశాను. కొరియా నుంచి వచ్చిన మేనేజర్లకూ మన సూపర్‌వైజర్లకూ మధ్య మాట అటూ ఇటూ చేరవేయడం అక్కడ నా పనిలో పెద్ద భాగం. ఈ సిద్ధాంతాలు అక్కరకు రావడం నేను అక్కడే చూశాను. అందుకే వీటిని ఎలా చదివితే నిలుస్తాయో గట్టిగా చెప్పగలను.

సిద్ధాంతం చేతికి రాగానే పాయింట్ల జోలికి పోకండి. నోట్‌బుక్‌లో పేజీ పైన రెండు ప్రశ్నలు రాసుకోండి. ఈ మనిషి ఎవర్ని చూసి ఇది రాశాడు? ఎవరి కోసం రాశాడు? వీటికి జవాబు దొరికితే సగం సిద్ధాంతం వచ్చేసినట్టే. మిగతా సగానికి పేజీ కింద చోటు వదలండి. అక్కడ మీరు కళ్ళారా చూసిన ఒక్క సంఘటన రాయాలి: ఎవరు, ఎక్కడ, ఏమన్నారు, ఎదుటివాళ్ళు ఏం చేశారు. ‘మనవాళ్ళు ఇట్లా’, ‘ఫారినర్స్ అట్లా’ అని రాస్తే నేను ఎర్ర ఇంకుతో కొట్టేస్తాను. సిద్ధాంతాన్ని ఒక సంఘటన మీద పెట్టి చూడాలి గానీ ఒక జాతి మొత్తం మీద పరిచి చూడకూడదు. ఇది పట్టుకుంటే సిలబస్ అంతా దారిలోకి వస్తుంది.

మొదట ఎడ్వర్డ్ హాల్

ఏ గైడ్ కొన్నా మొదటి పేరు ఈయనదే. అది న్యాయమే. ఎడ్వర్డ్ టి. హాల్ 1914లో పుట్టిన అమెరికన్ మానవశాస్త్రవేత్త. కుర్రతనంలో, 1930లలో, అరిజోనాలో నవాహో, హోపీ తెగల మధ్య పనిచేశాడు. 1950లలో వాషింగ్టన్‌లోని ఫారిన్ సర్వీస్ ఇన్‌స్టిట్యూట్‌లో, విదేశాలకు వెళ్ళే దౌత్య ఉద్యోగులకు, సాంకేతిక నిపుణులకు శిక్షణ ఇచ్చాడు. ఆ ఉద్యోగులకు సంస్కృతి అంటే ఏమిటన్న పెద్ద పెద్ద ఉపన్యాసాలు అక్కర్లేదు. పరాయి దేశంలో ఒక అధికారి ఎదురుగా కూర్చున్నప్పుడు ఏం చేయాలో కావాలి. అందుకని హాల్, భాషావేత్త జార్జ్ ట్రేగర్‌తో కలిసి, చిన్న చిన్న విషయాల మీద పడ్డాడు. ఎంత దూరంలో నిలబడతారు, ఎంతసేపు ఎదురుచూడనిస్తారు, గొంతు ఎంత పెంచుతారు. 1959లో వచ్చిన ‘ది సైలెంట్ లాంగ్వేజ్’ ఆ పని నుంచి పుట్టిందే. చూశారా, ఎవరి కోసం రాశాడన్నది తెలియగానే ఆయన ఆ విషయాలనే ఎందుకు ఎంచుకున్నాడో కూడా తెలిసిపోయింది.

ఇక దూరాల లెక్క. 1966లో వచ్చిన ‘ది హిడెన్ డైమెన్షన్’లో హాల్ మనిషి చుట్టూ నాలుగు వలయాలు గీశాడు. అడుగున్నర లోపు ఆత్మీయ దూరం, అక్కడి నుంచి నాలుగడుగుల దాకా వ్యక్తిగత దూరం, నాలుగు నుంచి పన్నెండు అడుగుల దాకా సామాజిక దూరం, ఆపైన బహిరంగ దూరం. పిల్లలందరూ ఈ అంకెలు పొల్లుపోకుండా రాస్తారు. తాను చూసింది ఎక్కువగా అమెరికా ఈశాన్య తీరానికి చెందిన మధ్యతరగతి పెద్దవాళ్ళనని, ఇవి మనుషులందరికీ వర్తించే కొలతలు కావని ఆయనే అదే పుస్తకంలో హెచ్చరించాడు. ఆ హెచ్చరిక మాత్రం ఎవరూ రాయరు. మీరు రాయండి. మార్కులు అక్కడే ఉన్నాయి.

ఈ పాఠానికి నేను పిల్లల్ని ధర్మవరం పంపిస్తాను. పట్టుచీరల దుకాణంలో తెల్ల దుప్పటి పరిచిన పరుపు మీద ఒక మూల గంటసేపు కూర్చోమంటాను. ఎవరో తెలియనావిడ పక్క నుంచి వంగి, “ఈ రంగు నీకు ఒప్పుతాదమ్మీ” అంటూ చీర కొంగు తీసి మీ భుజం మీద వేసి చూస్తుంది. హాల్ లెక్కలో ఆమె ఆత్మీయ వలయంలోకి వచ్చేసింది. ఎవరూ ఉలిక్కిపడరు. అదే పరుపు మీద, ఒకే కుటుంబంలో, కోడలు మామగారికి ఎంత ఎడంగా కూర్చుందో కూడా చూసి రాసుకోండి. పరిచయం ఎంత దగ్గరైతే దూరం అంత తగ్గుతుందన్న లెక్క అక్కడ తిరగబడుతుంది. ఊళ్ళోకి వెళ్ళి రచ్చబండ దగ్గర నిలబడితే కులం కూడా కొలతలోకి వస్తుంది. ఇవన్నీ రాశాక హాల్ చెప్పింది తప్పని తేల్చేయకండి. దూరం మాట్లాడుతుందన్న ఆయన మూల సూత్రం ఇక్కడ ఇంకా గట్టిగా నిలబడింది. ఆ దూరం ఏం మాట్లాడుతుందో మాత్రం ఇక్కడివాళ్ళనే అడగాలి.

హై కాంటెక్స్ట్, లో కాంటెక్స్ట్ అన్నది 1976 నాటి ‘బియాండ్ కల్చర్’లో ఆయన విస్తరించి రాసిన మాట. హై కాంటెక్స్ట్ మాటల్లో అర్థం ఎక్కువగా మనుషుల్లో, సందర్భంలో ఉంటుంది, నోటితో చెప్పేది తక్కువ. లో కాంటెక్స్ట్‌లో చెప్పాల్సిందంతా మాటల్లోనే ఉంటుంది. గైడ్లు దీన్ని రెండు నిలువు గళ్ళుగా గీసి, ఆసియా దేశాలన్నీ ఒకవైపు, జర్మనీ, అమెరికా ఇంకోవైపు పడేస్తాయి. ఈ సిద్ధాంతం ఆ గళ్ళలోనే చచ్చిపోతుంది.

నేను పనిచేసిన కంపెనీలో జరిగింది చెబుతాను. ఒక కన్‌సైన్‌మెంట్ శుక్రవారానికి వెళ్ళాలి. కొరియా మేనేజర్ మీటింగ్‌లో, “శుక్రవారానికి అవుతుందా?” అని అడిగాడు. మన సూపర్‌వైజర్ కొంచెం ఆగి, తల ఒక పక్కకు వంచి, “ట్రై... చేస్తాం సార్” అన్నాడు. ఆ సాగదీత విన్న మనవాళ్ళందరికీ అది కాదని తెలిసిపోయింది. మేనేజర్ ఏమీ అనలేదు. చిన్నగా తల ఊపి తర్వాతి విషయానికి వెళ్ళాడు. ఆయనకు అర్థమైంది, ఏదో ఏర్పాటు చేసుకుంటాడని మనవాళ్ళు అనుకున్నారు. పని ఒప్పుకున్నారు, ఇంక మాట్లాడేదేముందని ఆయన అనుకున్నాడు. శుక్రవారం లారీ వచ్చి గేటు దగ్గర నిలబడింది. సరుకు సగమే ఉంది. “మాట ఇచ్చి తప్పారు” అని అటు, “ముందే చెప్పినాం కదా మేడం” అని ఇటు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు.

గళ్ళ ప్రకారం చూస్తే మనమూ హై కాంటెక్స్టే, కొరియా వాళ్ళూ హై కాంటెక్స్టే. మరి ఒకరికొకరు సులువుగా అర్థం కావాలి కదా? ఈ ప్రశ్న దగ్గర ఆగి హాల్‌ను మళ్ళీ చదవండి. చెప్పకుండానే అర్థం కావాలంటే ఆ చెప్పనిది ఇద్దరి దగ్గరా ముందే ఉండాలి. మన సూపర్‌వైజర్లకు ఆ సాగదీత పుట్టినప్పటి నుంచి తెలుసు. ఆ మేనేజర్‌కు తన ఆఫీసుల్లోని మౌనం తెలుసు. రెండు హై కాంటెక్స్ట్ గుంపులు కొత్తగా కలిసినప్పుడు ఇద్దరికీ ఉమ్మడిగా ఉన్న కాంటెక్స్ట్ దాదాపు ఏమీ లేదు. కాబట్టి ఒక జర్మన్‌తో మాట్లాడినప్పటి కన్నా ఎక్కువ పొరపాట్లు జరిగే వీలుంది, ఎందుకంటే ఇద్దరికీ విడమరిచి చెప్పే అలవాటు లేదు. ఆ తర్వాత మేం మీటింగ్ గదిలో ఒక తెల్లబోర్డు పెట్టాం. ప్రతి పనికీ ఎదురుగా మూడింట్లో ఒకటి రాయాలి: అవుతుంది, కాదు, ఫలానాది ఫలానా టైముకు వస్తే అవుతుంది. ‘కాదు’ అని నోటితో పెద్దాయన ముఖం మీద అనలేని కుర్రవాడు కూడా బోర్డు మీద రాయగలిగాడు. హాల్ సిద్ధాంతం పనిలోకి రావడం అంటే ఇది.

హాఫ్‌స్టెడ్ అంకెల్ని ఎలా చదవాలి

గీర్ట్ హాఫ్‌స్టెడ్ నెదర్లాండ్స్ మనిషి. ఐబీఎంలో ఉద్యోగుల అభిప్రాయాల మీద పరిశోధన చేసే విభాగంలో పనిచేశాడు. 1967 నుంచి 1973 వరకు ఆ కంపెనీ తన ఉద్యోగులతో నింపించిన లక్షా పదహారు వేలకు పైగా ప్రశ్నపత్రాలు ఆయనకు దొరికిన ముడిసరుకు. 1980లో వచ్చిన ‘కల్చర్స్ కాన్సీక్వెన్సెస్’లో 40 దేశాలను నాలుగు కొలతల మీద నిలబెట్టాడు: పవర్ డిస్టెన్స్ (పైవాళ్ళకూ కిందివాళ్ళకూ మధ్య అధికారంలో ఉన్న ఎడాన్ని ఎంతవరకు ఒప్పుకుంటారన్నది), వ్యక్తివాదం–సమష్టివాదం, పురుషత్వం–స్త్రీత్వం (పోటీకి విలువిస్తారా, ఒకరినొకరు చూసుకోవడానికా), అనిశ్చితిని తప్పించుకునే తీరు. తర్వాత మైకేల్ బాండ్ చైనా విలువల మీద చేసిన పని నుంచి దీర్ఘకాలిక దృష్టి అయిదోదిగా చేరింది. 2010లో ఆరోది.

మన రెండు ప్రశ్నలు వేయండి. ఎవర్ని చూశాడు? ఒకే కంపెనీ ఉద్యోగుల్ని. కంపెనీ ఒకటే కాబట్టి తేడా వస్తే దేశం వల్లే వచ్చిందని ఆయన వాదన. ఆ వాదనకు బలమూ ఉంది, బలహీనతా ఉంది. మనదేశానికి పవర్ డిస్టెన్స్ స్కోరు 77. ఇది ఆనాడు ఐబీఎంలో పనిచేసిన కొద్దిమంది భారతీయుల జవాబుల నుంచి వచ్చింది. 1978కల్లా ఐబీఎం దేశం వదిలి వెళ్ళిపోయింది కూడా. ఆ జవాబుల్లో కళ్యాణదుర్గం వేరుశనగ రైతు లేడు, బీడీలు చుట్టే అమ్మ లేదు. కొన్ని దేశాల్లో రెండు వందల మంది కూడా జవాబివ్వలేదని బ్రెండన్ మెక్‌స్వీనీ 2002లో గట్టిగా విమర్శించాడు. ఆ వ్యాసాన్ని హాఫ్‌స్టెడ్ పక్కనే పెట్టుకుని చదవండి.

పరీక్షలో ‘భారతీయులకు పవర్ డిస్టెన్స్ ఎక్కువ’ అని రాయకండి. ‘ఐబీఎం సర్వేలో భారతదేశపు సగటు స్కోరు 77’ అని రాయండి. దేశపు సగటును పట్టుకుని ఒక మనిషిని అంచనా వేయకూడదని హాఫ్‌స్టెడ్ స్వయంగా పదేపదే చెప్పాడు. మన క్లాసులోనే చూడండి. ప్రిన్సిపల్ గదిలో నోరు మెదపని అబ్బాయే ఆర్టీసీ బస్సులో చిల్లర కోసం కండక్టర్‌తో ఊరు దాకా వాదిస్తాడు. అధికారం ముందు ఒదగడం మనిషి స్వభావమో, ఆ గది చేసిన పనో చూసుకోవాలి. ఈ ప్రశ్న వేసుకున్నాక ఆ నాలుగు కొలతలు మరిచిపోమన్నా మరిచిపోలేరు.

పరువు సంగతి

‘ఫేస్’, అంటే నలుగురిలో పరువు, అనే మాట చుట్టూ అల్లిన సిద్ధాంతాలు మన పిల్లలకు అందరికన్నా త్వరగా అందుతాయి. వరుస ఇది: ఎర్వింగ్ గాఫ్‌మన్ 1955 వ్యాసం, ఆ తర్వాత పెనెలోపీ బ్రౌన్, స్టీఫెన్ లెవిన్‌సన్‌ల మర్యాద సిద్ధాంతం, ఆపైన 1980లలో స్టెల్లా టింగ్-టూమీ. బ్రౌన్, లెవిన్‌సన్‌ల పని మనకు చాలా దగ్గరిది. వాళ్ళు వాడిన మూడు భాషల్లో ఒకటి తమిళం. లెవిన్‌సన్ కోయంబత్తూరు జిల్లాలోని ఒక ఊళ్ళో ఉండి సమాచారం సేకరించాడు. (మిగతా రెండూ ఇంగ్లిష్, మెక్సికోలోని జెల్తాల్.) ప్రపంచమంతా చదివే మర్యాద సిద్ధాంతంలో మన పక్క రాష్ట్రపు పల్లెటూరి మాటలున్నాయని చెప్పినప్పుడు వెనక బెంచీలు కూడా తలెత్తుతాయి.

బ్రౌన్, లెవిన్‌సన్ చెప్పేది సులువు. ప్రతి మనిషికీ రెండు కోరికలుంటాయి. నలుగురూ నన్ను తమవాడనుకోవాలి అన్నది ఒకటి, నన్ను ఎవరూ ఇబ్బంది పెట్టి అదుపు చేయకూడదు అన్నది రెండోది. మనం అడిగే, కాదనే, తప్పుపట్టే ప్రతి మాటా వీటిలో ఏదో ఒకదానికి తగులుతుంది. ఆ దెబ్బ తగ్గించడానికే మర్యాద. టింగ్-టూమీ దీన్ని గొడవల్లోకి తీసుకెళ్ళింది. గొడవ వచ్చినప్పుడు కొందరు తమ పరువు ముందు చూసుకుంటారు, కొందరు ఎదుటివాడిది, కొందరు ఇద్దరిదీ. దాన్నిబట్టే తప్పుకోవడం, ఒప్పుకోవడం, పైచేయి చేసుకోవడం, మధ్యే మార్గం, కలిసి పరిష్కరించడం లాంటి దారులు ఎంచుకుంటారు.

దీనికి మా ఇంటి పెళ్ళి కన్నా మంచి సంఘటన నాకు దొరకలేదు. మాలో పెళ్ళి పిలుపంటే ఇంటికి వెళ్ళి, ఆడవాళ్ళకు కుంకుమ పెట్టి, పసుపు అద్దిన పత్రిక చేతిలో పెట్టాలి. పనుల హడావుడిలో మా నాన్న తాడిపత్రిలో ఉండే మా చిన్నాయనకు పత్రిక వాట్సాప్‌లో పంపించాడు. చిన్నాయన ఫోన్ ఎత్తడం మానేశాడు. “నన్ను ఫోన్‌లో పిలిచినారంట, నేనూ ఫోన్‌లోనే అక్షింతలు వేస్తా” అన్నాడని కబురొచ్చింది. నాన్న వెళ్ళి తప్పయిందంటే ఆయన పెద్దరికం పోతుంది. వెళ్ళకపోతే తమ్ముడి పరువు పోతుంది. చివరికి మా పెద్దత్త బస్సెక్కి తాడిపత్రి వెళ్ళింది. పత్రిక మాటే ఎత్తలేదు. మజ్జిగ తాగి, “ఏం నాయనా, తలంబ్రాలు నువ్వే కదా కలపాల్సింది, ఎప్పుడు బయల్దేరతాండావు?” అంది. ఆయన కాసేపు గోడకేసి చూసి, “బియ్యం ఎంత తెచ్చినారు?” అని అడిగాడు.

ఈ ఒక్క సంఘటనను తీసుకుని క్లాసులో గంటసేపు మాట్లాడుకోవచ్చు. క్షమాపణ చెప్పి ఉంటే ఒకరి పరువు నిలిచి ఇంకొకరిది పడేది. అత్త ఒక బాధ్యత అడిగింది. ఆ ప్రశ్నలో నువ్వు లేకుండా పెళ్ళి లేదన్న మాట ఉంది. కాదనే వీలు కూడా ఆయనకు ఉంచింది. వెళ్ళింది నాన్న కాదు, మధ్యవర్తి. టింగ్-టూమీ పుస్తకంలో ఈ ముక్కలన్నీ వేర్వేరు పేర్లతో ఉన్నాయి. మీ ఇళ్ళలోనూ ఇలాంటిది ఒకటైనా జరిగి ఉంటుంది. అది రాసుకున్నాక ఆ పేర్లు పక్కన పెట్టుకోండి.

యాస

హోవార్డ్ గైల్స్ వేల్స్‌లోని కార్డిఫ్ మనిషి. మాట్లాడేటప్పుడు మనం ఎదుటివాళ్ళ తీరుకు దగ్గరవుతాం, లేదా కావాలని దూరమవుతాం అన్నది 1970లలో ఆయన మొదలుపెట్టిన అకామడేషన్ సిద్ధాంతం. 1977లో రిచర్డ్ బుర్హిస్‌తో కలిసి చేసిన ఒక ప్రయోగం తప్పక చదవండి. వేల్స్‌లో వెల్ష్ భాష నేర్చుకుంటున్నవాళ్ళను ఒక ఇంగ్లిష్ గొంతు ప్రశ్నలు అడుగుతూ, చచ్చిపోతున్న ఆ భాష ఎందుకు నేర్చుకుంటున్నారన్నట్టు కించపరిచింది. తమ భాష మీద ప్రేమతో నేర్చుకుంటున్నవాళ్ళు జవాబు చెప్పేటప్పుడు తమ ఇంగ్లిష్‌లో వెల్ష్ యాసను ఇంకా పెంచారు.

సీమ పిల్లలకు ఇది వివరించాల్సిన పనే లేదు. హైదరాబాద్ ఇంటర్వ్యూలో “వస్తాండా” కాస్తా “వస్తున్నానండీ” అయిపోతుంది. అక్కడే ఎవరైనా సినిమాలో ఫ్యాక్షన్ డైలాగ్ చెప్పమని ఎగతాళి చేస్తే, అదే అమ్మాయి పట్టుబట్టి మరింత చిక్కని సీమ యాసలో మాట్లాడుతుంది. మన యాసను కత్తులకూ తొడగొట్టుడుకూ కట్టిపడేసినందుకు పుట్టిన ఆ కోపానికి ఒక సిద్ధాంతంలో పేరుందని తెలిసినప్పుడు ఆ పిల్లల ముఖాలు చూడాలి. మడకశిర వైపు పిల్లలైతే కన్నడ, తెలుగుల మధ్య ఎప్పుడు మారుతున్నారో ఒక రోజంతా తమను తామే గమనించుకుని రాసుకోవచ్చు. మా అమ్మది ఆ వైపే. చెల్లెలితో కన్నడ, మాతో తెలుగు, దేవుడి ముందు రెండూ.

గుడికన్‌స్ట్ దగ్గర ఎక్కువసేపు ఆగకండి. ఆయన సిద్ధాంతంలో నలభైకి పైగా సూత్రాలున్నాయి. వాటిని బట్టీ పడితే ఒక వారం పోతుంది. ఇంత చాలు: కొత్తవాళ్ళతో మాట్లాడేటప్పుడు మనలో రెండు ఉంటాయి, ఎదుటివాడు ఏం చేస్తాడో తెలియకపోవడం, దానివల్ల వచ్చే టెన్షన్. టెన్షన్ మరీ ఎక్కువైతే మాట పెగలదు. మరీ తక్కువైతే అంతా తెలుసనుకుని ఎదుటివాడిని సరిగా చూడనే చూడం. ఆ రెండు గీతల మధ్య ఉండి, జాగ్రత్తగా గమనిస్తే మాట బాగా నడుస్తుంది. దీని వేర్లు 1975 నాటి బర్గర్, కలాబ్రీస్‌ల సిద్ధాంతంలో, ఇంకా వెనక్కి వెళ్తే ‘పరాయివాడు’ గురించి 1908లో గియోర్గ్ జిమ్మెల్ రాసిన కొద్ది పేజీల్లో ఉన్నాయి. జిమ్మెల్ పేజీలు మాత్రం నెమ్మదిగా చదవండి.

కల్చర్ షాక్: ఎవరి షాక్?

మన రెండు ప్రశ్నలు అన్నిటికన్నా ఎక్కువగా అక్కరకు వచ్చేది ఇక్కడే. కల్చర్ షాక్, అంటే పరాయి దేశంలో దిగిన మనిషికి తగిలే తికమక, అనే మాటను ప్రచారంలోకి తెచ్చినవాడు మానవశాస్త్రవేత్త కాలెర్వో ఓబర్గ్. 1954లో రియో డి జనీరోలోని ఒక మహిళా క్లబ్‌లో ఆయన చేసిన ప్రసంగం దానికి ఆధారం. వింటున్నవాళ్ళు దేశం కాని దేశంలో కాపురం ఉంటున్నవాళ్ళు. మొదట అంతా ముచ్చటగా ఉంటుంది, తర్వాత చికాకు, ఆపైన నెమ్మదిగా కోలుకోవడం, చివరికి అలవాటు పడటం అన్నాడు. 1955లో నార్వే పరిశోధకుడు స్వెరె లిస్గార్డ్, ఫుల్‌బ్రైట్ స్కాలర్‌షిప్ మీద అమెరికా వెళ్ళొచ్చిన 200 మంది నార్వే వాళ్ళను అడిగి, ఆరు నుంచి పద్దెనిమిది నెలల పాటు అక్కడ ఉండి వచ్చినవాళ్ళు అందరికన్నా తక్కువగా సర్దుకున్నారని చూపించాడు. అక్కడి నుంచి వచ్చిందే యూ ఆకారపు గీత. 1963లో గల్లహార్న్ దంపతులు తిరిగి ఇంటికి వచ్చాక పడే ఇబ్బందిని కూడా కలిపి దాన్ని డబ్ల్యూ చేశారు.

ఇప్పుడు ఈ గీతను కదిరి నుంచో, రాయచోటి నుంచో కువైట్ వెళ్ళిన ఒక అమ్మ మీద పెట్టి చూడండి. కడప, అనంతపురం ప్రాంతాల నుంచి ఇంటిపనికి గల్ఫ్ వెళ్ళిన ఆడవాళ్ళు వేలల్లో ఉన్నారు. మా వీధిలో అలా వెళ్ళొచ్చిన ఒకామెను నా విద్యార్థినులతో కూర్చోబెట్టాను. మొదటి నెలలు ముచ్చటగా ఉన్నాయా అని ఒకమ్మాయి పుస్తకం చూసి అడిగింది. ఆమె చెప్పింది ఇది: దిగిన రోజే పాస్‌పోర్ట్ తీసుకున్నారు, భాష రాదు, ఏ గదిలోకి వెళ్ళచ్చో ఏ గదిలోకి వెళ్ళకూడదో తెలియదు, వంటింట్లో రాత్రిళ్ళు ఏడుపే. అరబ్బీ మాటలు నాలుగు వచ్చాక, ఆ ఇంటి ముసలమ్మ తనను పేరు పెట్టి పిలవడం మొదలుపెట్టాక ఊపిరి ఆడింది. ఆమె గీత అడుగు నుంచే మొదలై పైకి పోయింది. ముచ్చట ఘట్టమే లేదు.

గీత గీసింది ఎవర్ని చూసి? స్కాలర్‌షిప్ మీద, కోరుకుని వెళ్ళిన చదువరుల్ని. ఇది ఒక్క కదిరి అమ్మ మాటే కాదు. 1998లో కొలీన్ వార్డ్, ఆమె తోటివాళ్ళు న్యూజిలాండ్ వెళ్ళిన జపాన్ విద్యార్థుల్ని దిగినప్పటి నుంచి కొన్నాళ్ళు గమనిస్తూ వచ్చి, దిగినప్పుడే ఇబ్బంది అందరికన్నా ఎక్కువగా ఉందని చూపించారు. కాబట్టి యూ గీతను రాయండి, పక్కనే ఈ పరిశోధనను రాయండి, కింద మీరు మాట్లాడిన మనిషి అనుభవం రాయండి. వివరాలు రాసేముందు వాళ్ళ అనుమతి అడగండి. పేరు రాయకండి.

ఇదే మనిషి కథతో కిమ్‌నూ బెర్రీనీ కూడా చదివేయవచ్చు. ఒత్తిడి వస్తుంది, మనిషి సర్దుకుంటాడు, ఆ సర్దుకోవడంలో ఎదుగుతాడు, మళ్ళీ ఒత్తిడి వస్తుంది అని యంగ్ యున్ కిమ్ అంటుంది. జాన్ బెర్రీ రెండు ప్రశ్నలు అడుగుతాడు: పాత సంస్కృతిని నిలుపుకోవాలనుకుంటున్నావా, కొత్తవాళ్ళతో కలవాలనుకుంటున్నావా? అవును–కాదులను కలిపితే నాలుగు దారులు. అయితే కలవాలనుకుంటే సరిపోదు, అవతలివాళ్ళు కలవనివ్వాలి కూడా. బెర్రీ ఈ మాట స్పష్టంగానే అన్నాడు గానీ గైడ్లలో అది రాలిపోయింది. పరాయి సంస్కృతిని కాదనడం నుంచి కలుపుకోవడం దాకా బెనెట్ 1986లో చెప్పిన ఆరు మెట్లకు ఒక పూట చాలు.

సిలబస్‌లో లేకపోయినా కవి, పండితుడు ఏ.కె. రామానుజన్ 1989లో రాసిన ‘ఈజ్ దేర్ ఏన్ ఇండియన్ వే ఆఫ్ థింకింగ్?’ వ్యాసం హాల్ పక్కన పెట్టి చదవాలి. మన ఆలోచనలో నియమాలు సందర్భాన్ని బట్టి మారతాయని ఆయన వాదిస్తాడు. ఆ వాదనకు ఆయన పురాణాలు, ధర్మశాస్త్రాలు, సొంత తండ్రిని సాక్ష్యంగా తెస్తాడు. హాల్ బయటి నుంచి చూసినదాన్ని ఈయన ఇంట్లోంచి చూశాడు. ఇద్దరూ ఎక్కడ కలిశారో, ఎక్కడ విడిపోయారో రెండు పేజీలు రాస్తే అదే మంచి అసైన్‌మెంట్.

చివరగా గార్డన్ ఆల్‌పోర్ట్. 1954లో ఆయన చెప్పిందేమంటే, రెండు గుంపులు కలిసినంత మాత్రాన ద్వేషం తగ్గదు, నాలుగు ఉండాలి: సమాన హోదా, ఉమ్మడి లక్ష్యం, చేతులు కలిపి చేసే పని, పైవాళ్ళ మద్దతు. దీన్ని చదవడానికి నార్పల మండలం గూగూడుకు వెళ్ళండి. అక్కడ కుళ్ళాయిస్వామి పేరున జరిగే మొహర్రంకు హిందువులు, ముస్లింలు వేలల్లో వస్తారు. తెలుగు కవి, పరిశోధకుడు అఫ్సర్ అక్కడి పీర్ల పండుగ మీదే 2013లో ఇంగ్లిష్‌లో ఒక పరిశోధన గ్రంథం ప్రచురించారు. వెళ్ళేముందు నోట్‌బుక్‌లో నాలుగు షరతులకు నాలుగు పేజీలు వదలండి. పీర్ల చావిడిలోకి ఎవరు ఎక్కడి దాకా వెళ్తున్నారు, చక్కెర చదివింపులు ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి పోతున్నాయి, అగ్నిగుండం దగ్గర ఎవరు ముందు నిలబడుతున్నారు, ఎవరు దూరం నుంచి దండం పెట్టుకుంటున్నారు, వంట ఎవరిది, ఎవరింట్లో ఎవరు తింటున్నారు. చూసింది ఎడమ పేజీలో రాయండి, అనుకున్నది కుడి పేజీలో. రెండూ కలపకండి. మీ ఊరికి తిరిగి వచ్చాక, అదే మనుషులు మామూలు రోజుల్లో ఒకరింటికి ఒకరు వెళ్తారా అని ఇద్దరు ముగ్గురిని అడిగి, ఆ జవాబులు ఎడమ పేజీలోనే చేర్చండి.